అడిగిన పోర్టుకే

2015 జూన్‌లో చౌటుప్పల్ దగ్గర వాటర్‌గ్రిడ్ పైలాన్‌ను ఆవిష్కరించారు. మిషన్ భగీరథ అన్న పేరు తర్వాత వచ్చింది. ఫ్లోరైడ్ నీళ్లు తాగి తరాల తరబడి నడుములు వంగిపోయిన నల్లగొండ పల్లెలకు కృష్ణా నీళ్లు చేర్చే పని అది. ఆ నీళ్ల పైపుల కోసం తవ్విన కందకాల్లోనే ఇంకో సన్నటి గొట్టం కూడా పరిచారు. దాంట్లో నడిచేది రాష్ట్ర ప్రభుత్వ ఇంటర్నెట్ నెట్‌వర్క్ టీ-ఫైబర్. 2024 డిసెంబర్ 8న టీ-ఫైబర్ సేవలు మొదలుపెట్టినప్పుడు, ముందుగా ఎంచుకున్న ఊళ్లలో పాత పాలమూరు జిల్లా మద్దూరు ఒకటి. ఇప్పుడది నారాయణపేట జిల్లాలో ఉంది.

ఫైబర్ గురించి పత్రికల్లో చాలానే వచ్చింది. ఎన్ని కిలోమీటర్లు వేశారు, ఎన్ని పంచాయతీలకు చేరింది, స్పీడ్ ఎంత అని. ఆ ఫైబర్ వచ్చి ఆగే చోట గోడకు బిగించిన ఇనప డబ్బాలో ఒక స్విచ్ ఉంటుంది. దాని గురించి ఎవరూ రాయరు. బడిలో, పంచాయతీ ఆఫీసులో, రైతు వేదికలో వీడియో నిలకడగా వస్తుందా, నిలిచిపోతుందా అన్నది చాలాసార్లు ఆ చిన్న స్విచ్ దగ్గరే తేలుతుంది. ఒకే వీడియోను ఒకేసారి చాలామందికి పంపాల్సి వచ్చినప్పుడైతే మరీను. ఈ వ్యాసం ఆ స్విచ్ గురించి.

ముందు ఒక లెక్క. 2024 మార్చి 6న ‘రైతు నేస్తం’ కార్యక్రమం మొదలైంది. మొదటి విడతలో 110 రైతు వేదికలను వీడియో ద్వారా కలిపారు. శాస్త్రవేత్త ఒకచోట కూర్చుని మాట్లాడతారు, వేదికల్లో రైతులు చూస్తారు. ఒక్కో వీడియోకు 4 ఎంబీపీఎస్ అనుకుందాం. ఒక్కో వేదికకు ఒక్కో కాపీ పంపితే, పంపే చోట 440 ఎంబీపీఎస్ కావాలి. రాష్ట్రంలో రైతు వేదికలు మొత్తం 2,601. అన్నిటికీ విడివిడిగా పంపాలంటే 10 జీబీపీఎస్ దాటిపోతుంది. మాటలు అవే, బొమ్మ అదే, రెండువేల ఆరువందల కాపీలు! ఒకే కాపీని పంపి, దారులు చీలే చోట మాత్రమే నకలు తీస్తే ఏ తీగ మీదైనా 4 ఎంబీపీఎస్ మించదు. ఇదే మల్టీకాస్ట్. రైతు లేచి తిరిగి ప్రశ్న అడిగితే ఆ గొంతు మాత్రం మామూలు దారిలో, ఒకరి నుంచి ఒకరికే వెళ్లాలి. రెండు పద్ధతులూ కలిసి నడవాల్సిందే.

ఒకటి పంపి వేలమందికి చేర్చడం మన పల్లెలకు కొత్తేమీ కాదు. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు ‘సైట్’ ప్రయోగం నడిచింది. అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 నుంచి ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలకు నేరుగా టీవీ కార్యక్రమాలు వచ్చాయి. ఆ ఆరింటిలో అప్పటి ఆంధ్రప్రదేశ్ ఉంది, కార్యక్రమాల భాషల్లో తెలుగు ఉంది. ఒక బొమ్మతో పాటు రెండు శబ్దాలు పంపే ఏర్పాటు కూడా ఉండేది. ఏ ఊరి డిష్ ఏ భాష తీసుకోవాలో అక్కడే ఎంచుకునేవారు. ఆకాశం నుంచి కురిసే సిగ్నల్‌కు ఊళ్లు పెరిగినా ఖర్చు పెరగదు. తీగ అలా కాదు. దానికి కొసలుంటాయి, ఏ కొసకు పంపాలో ఎవరో ఒకరు తేల్చాలి. ఆ తేల్చే పనే ఇక్కడ అసలు విషయం.

ఇంటర్నెట్‌లో ఈ ఆలోచనకు రూపమిచ్చింది స్టీవ్ డీరింగ్. 1980ల్లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థిగా ఉన్నప్పుడు దీన్ని తయారుచేశాడు. 1989 ఆగస్టులో వచ్చిన ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ఆర్ఎఫ్‌సీ 1112 ఆయన రాసిందే. అందులోని కిటుకు చాలా తేలికైనది. పంపేవాడికి చూసేవాళ్లెవరో తెలియక్కర్లేదు. ఒక ‘గ్రూప్’ అడ్రస్ పెట్టుకుని దానికి పంపుతూ ఉంటాడు. కావలసినవాళ్లు ఆ గ్రూపులో చేరతారు, వద్దనుకుంటే బయటికొస్తారు. 224.0.0.0 నుంచి 239.255.255.255 దాకా ఉన్న ఐపీ అడ్రస్‌లన్నీ ఈ గ్రూపుల కోసమే కేటాయించారు. చేరడం, మానుకోవడం గురించి చెప్పుకునే భాష పేరు ఐజీఎంపీ.

డీరింగ్ పథకంలో ఈ మాట వినాల్సింది రూటర్. మరి మధ్యలో ఉన్న స్విచ్ సంగతి? దానికి గ్రూపుల మాటే తెలియదు. స్విచ్ నేర్చుకునే తీరు ఇది: ఒక పోర్టులోంచి ఫ్రేమ్ లోపలికి వస్తే, పంపినవారి మ్యాక్ అడ్రస్ చూసి ‘ఫలానా మిషన్ ఫలానా పోర్టు వైపు ఉంది’ అని రాసుకుంటుంది. తర్వాత ఆ మిషన్‌కు ఏదైనా వస్తే ఆ పోర్టుకే పంపుతుంది. గ్రూప్ అడ్రస్‌తో ఈ పద్ధతి పనిచేయదు. గ్రూప్ అన్నది ఒక మిషన్ కాదు కాబట్టి, ఆ అడ్రస్ పంపినవారి స్థానంలో ఎన్నడూ కనబడదు. స్విచ్ పట్టికలో అది ఎప్పటికీ చేరదు. తెలియని అడ్రస్ వస్తే స్విచ్ చేసేది ఒక్కటే: వచ్చిన పోర్టు తప్ప అన్ని పోర్టుల్లోకీ తోసేస్తుంది.

ఆ తోసేయడం వల్ల ఏమవుతుందో చూడండి. ఒక కాలేజీలో 16 నిఘా కెమెరాలు ఉన్నాయనుకుందాం. ఒక్కోటి 4 ఎంబీపీఎస్ మల్టీకాస్ట్‌గా పంపుతోంది. మొత్తం 64 ఎంబీపీఎస్. గిగాబిట్ పోర్టులకు ఇది లెక్కలోకి రాదు. కానీ అదే స్విచ్ మీద హాజరు తీసుకునే వేలిముద్రల మిషన్ ఉంటుంది, పాత ప్రింటర్ ఉంటుంది. వాటి పోర్టులు 10 లేదా 100 ఎంబీపీఎస్‌వి. పది ఎంబీపీఎస్ పోర్టు మీద అరవైనాలుగు వచ్చి పడితే ఆ మిషన్ పనికి కావలసిన ప్యాకెట్లు ఆ రద్దీలోనే పోతాయి. కెమెరాలతో ఏ సంబంధమూ లేని హాజరు మిషన్ మొరాయిస్తుంది. మిషన్ పాడైందని కొత్తది కొంటారు. అదీ మొరాయిస్తుంది.

దీనికి విరుగుడు ఐజీఎంపీ స్నూపింగ్. రూటర్‌కూ కంప్యూటర్లకూ మధ్య నడిచే ఐజీఎంపీ మాటలను స్విచ్ మధ్యలో నుంచే వింటుంది. ఏ పోర్టు వైపు నుంచి ‘నాకు ఫలానా గ్రూప్ కావాలి’ అన్న మాట వచ్చిందో రాసుకుంటుంది. ఆ గ్రూప్ వీడియో వచ్చినప్పుడు ఆ పోర్టులకే నకలు తీసి పంపుతుంది, మిగతావాటి జోలికి వెళ్లదు. సాగర్ ఎడమ కాలువ మీద లష్కర్ పని ఎరిగినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. ఏ తూము కింద తడి కావాలో తెలుసుకుని ఆ తూమే ఎత్తుతాడు, మిగతావి దించే ఉంచుతాడు. ఒక్క తేడా ఉంది. నీళ్లు పంచిన కొద్దీ తరుగుతాయి, వీడియో తరగదు. పది పోర్టులకు ఇచ్చినా పైనుంచి వచ్చేది ఒక్క కాపీయే.

ఇంతవరకు చదివినవాళ్లు ‘అయితే స్నూపింగ్ ఆన్ చేస్తే సరి’ అనుకుంటారు. చాలామంది చేసేదీ అదే. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది.

కాలేజీ ల్యాబ్‌లో ఒక స్విచ్ పెట్టారు, స్నూపింగ్ ఆన్ చేశారు. ఒక కంప్యూటర్ నుంచి పాఠం వీడియోను 239.1.1.1 గ్రూపుకు పంపుతున్నారు. విద్యార్థి తన కంప్యూటర్‌లో ప్లేయర్ తెరిచాడు. వెంటనే ‘239.1.1.1 కావాలి’ అని ఐజీఎంపీ రిపోర్ట్ వెళ్లింది. స్విచ్ రాసుకుంది, వీడియో వచ్చింది. బొమ్మ స్పష్టంగా ఉంది, అందరూ సంతోషించారు. నాలుగు నిమిషాలు దాటాక బొమ్మ ఉన్నచోటే బిగుసుకుపోయింది. ప్లేయర్ మూసి మళ్లీ తెరిస్తే వచ్చింది. నాలుగు నిమిషాలకు మళ్లీ ఆగిపోయింది. కేబుల్ మార్చారు, కంప్యూటర్ మార్చారు, స్విచ్ రీస్టార్ట్ చేశారు. ఫలితం మారలేదు.

ఆ నాలుగు నిమిషాల లెక్క ప్రమాణంలోనే ఉంది. విద్యార్థి ప్లేయర్ మూయకుండానే కరెంటు పోవచ్చు, కేబుల్ ఊడిపోవచ్చు. అప్పుడు ‘నాకిక వద్దు’ అని చెప్పేవాడు ఉండడు. అందుకే స్విచ్ తను రాసుకున్నదాన్ని శాశ్వతంగా నమ్మదు. ఎవరో ఒకరు తరచూ ‘ఇంకా ఎవరికి కావాలి?’ అని అడుగుతూ ఉండాలి. కావలసినవాళ్లు పది సెకన్ల లోపు జవాబివ్వాలి. ఆ అడిగేవాడి పేరు క్వెరియర్. మామూలుగా 125 సెకన్లకోసారి అడుగుతాడు. రెండు విడతలు అడిగినా, పైన మరో పది సెకన్లు ఆగినా జవాబు రాకపోతే ఆ పోర్టును పట్టికలోంచి తీసేస్తారు. రెండు నూటపాతికలు, పైన పది, మొత్తం 260 సెకన్లు. అంటే 4 నిమిషాల 20 సెకన్లు.

ల్యాబ్‌లో జరిగింది ఇదే. అక్కడ క్వెరియర్ లేడు. సాధారణంగా ఆ పని మల్టీకాస్ట్ రూటర్ చేస్తుంది. చిన్న కాలేజీలో, పంచాయతీ ఆఫీసులో అలాంటి రూటర్ ఉండదు, ఉన్నది ఇంటర్నెట్ ఇచ్చే మామూలు డబ్బా. అడిగేవాడు లేడు కాబట్టి విద్యార్థి కంప్యూటర్ మళ్లీ చెప్పలేదు. చెప్పలేదు కాబట్టి 260 సెకన్లకు స్విచ్ ఆ పేరు కొట్టేసింది. ఎవరి తప్పూ లేదు, అందరూ నియమం ప్రకారమే నడుచుకున్నారు. ప్లేయర్ మూసి తెరిచినప్పుడు కొత్తగా రిపోర్ట్ వెళ్లింది కాబట్టి మళ్లీ నాలుగు నిమిషాలు నడిచింది. మీ వీడియో ఇలా నాలుగు నిమిషాలకు ఒకసారి ఆగుతుంటే స్విచ్‌ను మార్చకండి, ముందుగా క్వెరియర్ కోసం వెతకండి.

స్విచ్‌లు రెండైతే ఇంకో చిక్కు. వీడియో పంపే కంప్యూటర్ కింది అంతస్తు స్విచ్ మీద, చూసేవాళ్లు పై అంతస్తు స్విచ్ మీద ఉన్నారు. పై స్విచ్ తనకొచ్చిన రిపోర్టులను ‘రూటర్ వైపు పోర్టు’ అనుకున్న చోటికే పంపుతుంది. ఆ పోర్టు ఏదో దానికి తెలిసేది అటునుంచి క్వెరియర్ ప్రశ్న వచ్చినప్పుడే. ప్రశ్నే లేకపోతే ఆ పోర్టూ లేదు. రిపోర్ట్ పై అంతస్తులోనే ఆగిపోతుంది, కింది స్విచ్‌కు పైన ఒకరు ఎదురుచూస్తున్నారని కూడా తెలియదు. నాలుగు నిమిషాల వీడియో కూడా రాదు. నల్లని తెరే.

మందు చిన్నదే. మేనేజ్డ్ స్విచ్‌లు చాలావాటిలో ‘స్నూపింగ్ క్వెరియర్’ అనే అవకాశం ఉంటుంది. స్విచ్చే ఆ ప్రశ్నలు అడుగుతుంది. దానికి ఒక ఐపీ అడ్రస్ ఇవ్వాలి, వీల్యాన్‌లు (ఒకే స్విచ్‌లో విడగొట్టిన నెట్‌వర్క్‌లు) ఎన్ని ఉంటే అన్నిట్లో విడివిడిగా ఆన్ చేయాలి. ఒక వీల్యాన్‌లో ఇద్దరు క్వెరియర్లు ఉన్నా గొడవ పడరు, తక్కువ ఐపీ అడ్రస్ ఉన్నది అడుగుతుంది, రెండోది ఊరుకుంటుంది. మొదటిది మాట్లాడటం మానేస్తే రెండోది అందుకుంటుంది. కాబట్టి భయం లేకుండా రెండు స్విచ్‌లలో పెట్టుకోవచ్చు. నా సలహా అయితే వీడియో పుట్టే చోటికి దగ్గరగా ఉన్న, అన్ని దారులూ కలిసే ప్రధాన స్విచ్‌ను క్వెరియర్ చేయడం. ఎందుకంటే చాలా స్విచ్‌లు ఎవరూ అడగకపోయినా క్వెరియర్ వైపు పోర్టులోకి అన్ని గ్రూపుల వీడియోనూ పంపుతాయి. క్వెరియర్ ఎక్కడో మూలన ఉన్న చిన్న స్విచ్ అయితే, మొత్తం వరద ఆ సన్నటి లింకులోకి పోతుంది.

ఇక ఇదే మల్టీకాస్ట్‌తో టీవీ వచ్చే ఇళ్లలో చానల్ మార్చడం. 1997లో వచ్చిన ఐజీఎంపీ రెండో వెర్షన్‌లో ‘వద్దు’ అని చెప్పే మాట చేరింది. ఆ మాట రాగానే వెంటనే ఆపేయరు. అదే పోర్టు వెనక ఇంకెవరైనా చూస్తున్నారేమోనని సెకనుకోసారి చొప్పున రెండుసార్లు అడుగుతారు. జవాబు లేకపోతే ఆపుతారు. అంటే మీరు చానల్ మార్చాక కూడా పాత చానల్ సుమారు రెండు సెకన్లు వస్తూనే ఉంటుంది. ఇంటికి 20 ఎంబీపీఎస్ లైను, చానల్ 8 ఎంబీపీఎస్ అనుకోండి. రిమోట్ గబగబా రెండుసార్లు నొక్కితే మూడు చానళ్లు, 24 ఎంబీపీఎస్. లైను పొంగి బొమ్మ గళ్లుగళ్లుగా విరిగిపోతుంది. దీనికి ‘ఫాస్ట్ లీవ్’ ఉంది, వద్దనగానే ఆ క్షణమే ఆపేస్తుంది. అయితే పోర్టు వెనక ఒక్కటే సెట్‌టాప్ బాక్స్ ఉన్నప్పుడే దాన్ని వాడాలి. పోర్టు వెనక ఇంకో చిన్న స్విచ్, దానికి రెండు టీవీలు ఉంటే, హాల్లో వాళ్లు చానల్ మార్చగానే లోపలి గదిలో నాయనమ్మ చూస్తున్న సీరియల్ ఆగిపోతుంది.

గ్రూప్ అడ్రస్‌ల ఎంపికలో కూడా ఒక గుంట ఉంది. ఐపీ గ్రూప్ అడ్రస్‌ను స్విచ్ అర్థం చేసుకునే మ్యాక్ అడ్రస్‌గా మార్చేటప్పుడు, 28 బిట్లలో కింది 23 బిట్లకే చోటు దొరికింది. అన్ని బిట్లకూ సరిపోవాలంటే పదహారు అడ్రస్ ఖండాలు కొనాల్సి వచ్చేదని, ఒక్కోటి వెయ్యి డాలర్లని, డబ్బు చాలక, ఇంటర్నెట్ అడ్రస్‌ల కేటాయింపు చూసే జాన్ పోస్టెల్ ఒక్కటే కొని అందులో సగం డీరింగ్‌కు ఇచ్చాడని నెట్‌వర్క్ పుస్తకాల్లో చెప్పుకుంటారు. దాని ఫలితం ఈనాటికీ ఉంది. ఐదు బిట్లు పోయాయి కాబట్టి 32 గ్రూపులు ఒకే మ్యాక్ అడ్రస్‌ను పంచుకుంటాయి. 224.1.1.1, 239.1.1.1, 239.129.1.1 మూడూ స్విచ్ కంటికి ఒకటే. మ్యాక్ చూసి పంచే స్విచ్‌లలో ఒకటి అడిగినవాడికి మూడూ వస్తాయి. కెమెరాలకు అడ్రస్‌లు ఇచ్చేటప్పుడు 239.1.1.1, 239.1.1.2, 239.1.1.3 అని వరసగా చివరి అంకె మార్చుకుంటూ పోతే ఈ తంటా రాదు.

224.0.0 తో మొదలయ్యే అడ్రస్‌లను మాత్రం ముట్టుకోకూడదు. రూటర్లు ఒకదాన్నొకటి పలకరించుకునే ఓఎస్‌పీఎఫ్ 224.0.0.5 మీద నడుస్తుంది. ప్రింటర్లు తమ ఉనికి చెప్పుకునేది 224.0.0.251 మీద. వీటిలో చాలావాటికి ఎవరూ ఐజీఎంపీలో చేరరు. అందుకే ఈ వరసకు వచ్చినవాటిని అన్ని పోర్టులకూ పంపాలని, 2006లో స్నూపింగ్ స్విచ్‌ల కోసం రాసిన ఆర్ఎఫ్‌సీ 4541 చెబుతోంది. ‘మల్టీకాస్ట్ అంతా ఆపేద్దాం’ అని ఉత్సాహపడి, రద్దీకి హద్దు పెట్టే స్టార్మ్ కంట్రోల్‌ను మరీ తక్కువకు బిగించేవాళ్లు ఇక్కడ దెబ్బతింటారు. ఐపీవీ6లో అయితే ఇంకా జాగ్రత్త కావాలి. అందులో బ్రాడ్‌కాస్ట్ అన్నదే లేదు, పక్క మిషన్ అడ్రస్ కనుక్కోవడం కూడా మల్టీకాస్ట్‌తోనే. అక్కడ ఐజీఎంపీ బదులు ఎంఎల్‌డీ ఉంటుంది, దానికి స్నూపింగ్ విడిగా ఆన్ చేసుకోవాలి.

ఐపీ అసలే లేని మల్టీకాస్ట్ కూడా ఉంది. పాలమూరు, నల్లగొండల్లో సబ్‌స్టేషన్లకు, ఎత్తిపోతల పంపుహౌస్‌లకు కొదవ లేదు కాబట్టి ఈ మాట చెప్పాలి. ఐఈసీ 61850 ప్రమాణం ప్రకారం కట్టే సబ్‌స్టేషన్లలో, లోపం రాగానే బ్రేకర్‌ను పడగొట్టమనే ‘గూస్’ సందేశాలు మ్యాక్ మల్టీకాస్ట్‌గానే వెళ్తాయి. కొన్ని మిల్లీసెకన్లలో చేరాలి. వాటిలో ఐపీ లేదు, ఐజీఎంపీ లేదు, స్నూపింగ్‌కు అవి కనబడవు. అక్కడ వీల్యాన్‌లు విడగొట్టి, ఏ సందేశం ఏ పోర్టుకో చేత్తో రాయాల్సిందే.

వైఫై మీద మల్టీకాస్ట్ కథ వేరు. వైఫైలో ఒకరికి పంపినప్పుడు ‘అందింది’ అన్న జవాబు వస్తుంది, రాకపోతే మళ్లీ పంపుతారు. గ్రూపుకు పంపినప్పుడు ఆ జవాబు ఉండదు. అందరికీ వినబడాలని అన్నిటికంటే నెమ్మది వేగంతో పంపుతారు, పాత పద్ధతి సెట్టింగుల్లో అది 1 ఎంబీపీఎస్ కూడా కావచ్చు. అందులో 4 ఎంబీపీఎస్ వీడియో పట్టదు సరికదా, మిగతా అందరి ఫోన్లూ ఆగిపోతాయి. మంచి యాక్సెస్ పాయింట్లలో మల్టీకాస్ట్‌ను విడివిడి కాపీలుగా మార్చి పంపే వీలు ఉంటుంది. తరగతి గదిలో పది పదిహేను ట్యాబ్‌లు ఉంటే అదే మేలు.

ఫైబర్ సంగతికి వస్తే, జీపాన్ పద్ధతిలో ఒక ఫైబర్ స్ప్లిటర్ దగ్గర 32 లేదా 64 ఇళ్లకు చీలుతుంది. కిందికి వచ్చే 2.5 జీబీపీఎస్‌ను వాళ్లందరూ పంచుకోవాలి. వెలుగు ఎలాగూ అన్ని ఇళ్లకూ చేరుతుంది కాబట్టి మల్టీకాస్ట్‌కు ఇంతకంటే అనువైన తీగ లేదు. క్రికెట్ మ్యాచ్ రోజు 64 ఇళ్లలో ఒకే చానల్, 8 ఎంబీపీఎస్. విడివిడిగా అయితే 512 ఎంబీపీఎస్, మల్టీకాస్ట్‌లో ఎనిమిదే. 2017 డిసెంబర్‌లో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్ లాంటి పథకాలు టీవీ, ఫోన్, ఇంటర్నెట్ మూడింటినీ తక్కువ ధరకు ఒకే ఫైబర్ మీద ఇస్తామని ముందుకు రాగలిగింది ఇలాంటి లెక్కల బలంతోనే.

అయితే ఈ పొదుపు బహిరంగ ఇంటర్నెట్‌లో దొరకదు. 1992 మార్చిలో శాన్‌డియాగో ఇంటర్నెట్ ఇంజినీర్ల సమావేశం మాటలను ‘ఎంబోన్’ అనే ప్రయోగాత్మక మల్టీకాస్ట్ నెట్‌వర్క్ మీద మల్టీకాస్ట్ చేసినప్పుడు, 1994 నవంబర్‌లో రోలింగ్ స్టోన్స్ కచేరీ కొంతభాగం అలాగే పంపినప్పుడు ప్రపంచమంతా ఇలాగే అవుతుందనుకున్నారు. కాలేదు. ఎవరు ఎవరికి డబ్బు కట్టాలో, ఎవరు ఎవరి గ్రూపును మోయాలో కంపెనీల మధ్య తేలలేదు. యూట్యూబ్‌లో ప్రభుత్వ విద్యా చానల్ టీ-శాట్ పాఠం నలభై మంది ఒకే గదిలో చూస్తే నలభై కాపీలు దిగుతాయి. ఒకే యాజమాన్యం కింద ఉన్న నెట్‌వర్క్‌లోనే మల్టీకాస్ట్ బతుకుతుంది: కాలేజీ, ఆసుపత్రి, కేబుల్ ఆపరేటర్, రాష్ట్ర ఫైబర్. అందుకే టీ-ఫైబర్ లాంటి ప్రభుత్వ నెట్‌వర్క్ మీద నాకు ఇంత ఆశ. హైదరాబాద్ నుంచి ఊరి చివరి స్విచ్ దాకా ఒకే చేతిలో ఉండే అవకాశం దానికి ఉంది.

పంచాయతీలకు, బడులకు స్విచ్‌లు కొనేవాళ్లను ఒకటి అడుగుతున్నాను. టెండర్‌లో ‘24 పోర్టుల గిగాబిట్ స్విచ్’ అని ఒక్క ముక్క రాసి వదిలేయకండి. స్నూపింగ్, క్వెరియర్, ఎంఎల్‌డీ స్నూపింగ్ ఉండాలని, వాటిని ఆన్ చేసి చూపించాలని కూడా రాయండి. బిగించే కుర్రాళ్లకు ఇంకో మాట. బొమ్మ రాగానే సంతకం పెట్టించుకుని బండెక్కకండి. వీడియో పెట్టి, ప్లేయర్ ముట్టుకోకుండా ఐదు నిమిషాలు కూర్చోండి. 4 నిమిషాల 20 సెకన్లు దాటాక కూడా నడుస్తుంటే అప్పుడు సంతకం అడగండి.